అప్పున్న యింటి దినవెచ్చము

పాఠ్యభాగములు: 2 రాజులు 4:1-7, ద్వితీయోపదేశకాండము 24:6, నెహెమ్యా 5:1-13



ధాన్యము కాటా అయి డబ్బు చేతికందిన సాయంకాలమే అప్పిచ్చినవాడు అరుగుమీదికి వచ్చి కూర్చుండుట మన పల్లెలలో క్రొత్త సంగతి కాదు. ఒక యింటివారు సిగ్గుపడి, చేతిలోనున్నదంతయు అతని ముందర పెట్టుదురు. రెండు మాసములు తిరుగకముందే తిండిగింజలకొరకు మరల అతనియొద్దకే పోవుదురు. మరియొక యింటివారు వచ్చే పంటకు చూతములెమ్మని అతనిని పంపివేసి, ఆ డబ్బుతో మోటారు సైకిలు కొందురు. మొదటివారు మంచివారనియు, రెండవవారు మాట లేనివారనియు ఊరిలో చెప్పుకొందురు. అయితే మరుసటి సంవత్సరము చూడగా రెండు యిండ్లలోను అప్పు ఉన్నచోటనే యుండును. అప్పు తీర్చవలెనను మనస్సు ఒకటి. తీర్చుచుండగా ఇల్లు గడుపుకొను తెలివి మరియొకటి. ఈ రెండవదానిని గూర్చియే ఈ మాసపు పాఠము.

ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య ఎలీషాయొద్దకు వచ్చి మొఱపెట్టుకొన్న సంగతి మనకందరికి తెలిసినదే. ఆమె భర్త దైవభక్తి గలవాడు. అయినను అప్పు మిగిల్చి చనిపోయెను. కనుక అప్పులపాలైన ప్రతి యింటివారిని సోమరులనియో త్రాగుబోతులనియో తీర్పు తీర్చుట మనకు తగదు. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు సిద్ధపడెను. ఇది ఏనాటి సంగతియో అని అనుకొనవద్దు. మన దేశములో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చినది. అంతకుముందు తండ్రి చేసిన అప్పుకు కుమారుడు పాలేరుగా ఉండుట మన పెద్దలు కండ్లార చూచినదే. నేడు పదవ తరగతి చదువుచున్న పిల్లవాడు బడి మాని ఇటుకబట్టీకి పోవుటకు కారణమేమని మెల్లగా అడిగినయెడల, తరచుగా ఎక్కడనో ఒక ప్రామిసరీ నోటు బయటపడును.

ఎలీషా ఆమెను అప్పెంత అని అడిగినట్లు వ్రాయబడలేదు. ఇంటిలో ఏమున్నదని అడిగెను. తరువాత ఆ తల్లి తలుపు మూసికొని నూనె పోయుచుండగా కుమారులే పాత్రలు అందించిరి. ఇంటి అప్పు సంగతి పిల్లలకు తెలియకూడదని మనలో అనేకులు దాచుదురు. ఆమె దాచలేదు. పిల్లలకు సంగతి తెలిసిన యింటిలో బూట్లకొరకు ఏడ్పు తక్కువగా వినబడునని మా అనుభవము. పాత్రలన్నియు నిండిన పిమ్మట ఆమె నేరుగా అంగడికి పోక, దైవజనునియొద్దకు తిరిగి వచ్చి, ఏమి చేయవలెనని తెలిసికొనెను. ఆయన నూనె అమ్మి అప్పు తీర్చుమని చెప్పి ఊరకుండలేదు. ఆమెయు పిల్లలును బ్రతుకవలసిన సంగతి కూడ ఆ మాటలోనే చేర్చెను.

మోషే ధర్మశాస్త్రములో ఇట్టిదే మరియొకటి కలదు. తిరుగలిని గాని, దాని పైరాతిని గాని తాకట్టు పట్టకూడదు. ఏలయనగా ఆ యింటి దినాహారము దానిలోనే విసరబడును. అప్పిచ్చినవానికి హక్కు కలదు గాని, ఆ హక్కు తిరుగలివరకు పోకూడదు. కాబట్టి పంట డబ్బు వచ్చిన దినమున సంవత్సరపు బియ్యము, విత్తనము, పిల్లల బడిఖర్చు మొదట కొలిచి ప్రక్కన పెట్టుట అప్పులవానిని మోసపుచ్చుట కాదు. మిగిలినదెంతయో అతని ముఖము ఎదుట చెప్పి, అది యిచ్చివేయవలెను. అట్లు చెప్పుట కష్టమే. అయినను ఉన్నదంతయు ఇచ్చివేసి, శ్రావణములో చేయి చాచుట అంతకంటె కష్టము.

మేము కూడ అప్పున్న యింటిలో బ్రతికినవారమే గనుక మా లెక్కనే వ్రాయుచున్నాము. ఇంటిలో ఒక ఆపరేషను వచ్చినప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000 రూపాయలు తెచ్చితిమి. నెలకు వడ్డీ 1,200. ఎనిమిది నెలలు ఒక్క దినమైనను తప్పకుండ కట్టి, అప్పు తీర్చుచున్నామని సంతోషించితిమి. 9,600 రూపాయలు పోయిన తరువాత చూడగా అసలు 40,000 అట్లే యున్నది! వడ్డీ మాత్రము కట్టుట అప్పును మోయుటయే గాని తీర్చుట కాదని మాకు అప్పుడు తెలిసెను. చదువుకొన్నవారమయ్యు అంతకుముందు తెలియలేదు.

మీ పిల్లలచేత లెక్క వేయించి చూడండి. అదే అప్పుకు నెలకు 2,000 కట్టి, వడ్డీ పోగా మిగిలినది అసలుకు జమ వేయించినయెడల 31 నెలలకు తీరును. మొత్తము కట్టినది 62,000. నెలకు 2,500 కట్టినయెడల 22 నెలలకు రమారమి తీరిపోయి, 23వ నెలకు మూడు వందల చిల్లర మిగులును. మొత్తము 55,300 ప్రాంతము. నెలకు అయిదు వందలు, అనగా దినమునకు 17 రూపాయలు ఎక్కువ కట్టినందున ఎనిమిది నెలలును, దాదాపు 6,700 రూపాయలును కలిసివచ్చును. ఇక ఏమియు కట్టనియెడల ఏమగును? నోటుకు మూడేండ్ల గడువు. గడువు దగ్గర పడగానే అప్పిచ్చినవాడు నోటు తిరగవ్రాయుమనును. మూడేండ్ల వడ్డీ 43,200 అసలులో కలిసి, క్రొత్త నోటు 83,200 అగును. దానిమీద నెలకు వడ్డీ 2,496. మొదట అప్పంతయు తీర్చగలిగిన ఆ 2,500 రూపాయలు ఇప్పుడు వడ్డీకే సరి!

ఇందులో ఒక జాగ్రత్త కలదు. అసలు తగ్గినకొలది వడ్డీ తగ్గునని ముందుగా ఇద్దరి ఎదుట మాట తీసికొనవలెను. కట్టిన ప్రతిసారి నోటు వెనుక తేదీతో చెల్లు వ్రాయించి, ఒక రసీదు తెచ్చుకొనవలెను. నమ్మకము లేక కాదు. మనిషి మరచును, కాగితము మరువదు.

ఆ దినమునకు 17 రూపాయలు ఎక్కడనుండి వచ్చును? మాకు నెలజీతము లేదు. కూలి డబ్బు శనివారము. పాల డబ్బు పదిహేను దినములకొకసారి. పంట డబ్బు సొసైటీ అప్పుకును ఇంటి బియ్యమునకును సరి. ఒక రెండు రూపాయల పెన్సిలు, ఒక నోటుపుస్తకము కొని రెండు మాసములు ప్రతి ఖర్చు వ్రాసితిమి. కొత్తిమీర కట్ట కూడ వ్రాసితిమి. వ్రాయకముందు మా తలంపు ఏమనగా, ఇంటిలో ఆడువారు కొట్టునుండి తెప్పించు చిల్లర సామానుల వలననే డబ్బు పోవుచున్నదని. పుస్తకములో కనబడినది వేరు. సాయంకాలము రోడ్డుమీద టీ, మిక్చరు, కిళ్ళీ అన్నియు కలిపి ఒక్క నెలకు 780 రూపాయలు. అవి ఎవరివో చెప్పనక్కరలేదు. మా యింటి ఆమె ఆ పుట చూచి ఏమియు అనలేదు. పుస్తకము మా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయెను.

కొట్టు ఖాతా సంగతియు అట్టిదే. పిల్లవానిచేతికి ఖాతాపుస్తకమిచ్చి పంపినప్పుడు ధర ఎవరును అడుగరు, తూకము ఎవరును చూడరు. ఆ ఖాతా బాకీ మొదట కొంచెము కొంచెముగా తీర్చి మూసివేసి, వారమునకు ఒకసారి సంతలో చేతి డబ్బుతో కొనుట మొదలుపెట్టితిమి. పప్పు, టీపొడి పొట్లములుగా కొనక కిలోగా కొంటిమి. మొదటి నెల చాల యిబ్బంది. బాకీయు తీర్చవలెను, చేతి డబ్బును పెట్టవలెను. ఆ నెల మేము రెండు పూటలు పచ్చడితో తినిన దినములు కలవు. రెండవ నెల తేలికైనది. పాల డబ్బు వచ్చిన ప్రతిసారి 1,250 రూపాయలు వేరు డబ్బాలో వేసితిమి. నెలకు రెండు మారులు, మొత్తము 2,500. అది ఇంటిలోనికి రాలేదనియే అనుకొంటిమి. మిగిలినదే మా ఆదాయము.

అయితే అన్నియు కోయదగినవి కావు. అప్పు త్వరగా తీరవలెనని పిల్లల పాలు మాన్పించుట, బడి మాన్పించుట, ముసలివారి బి.పి. మాత్రలు ఒక దినము విడిచి ఒక దినము ఇచ్చుట, వీటిని మేము పొదుపు అని పిలువము. మాత్రలు మానిన వారిని ఆసుపత్రికి మోసికొనిపోవునాడు చేయు అప్పు, మిగిల్చినదానికి ఎన్నో యింతలు. ఇంటి గృహిణి తాను తినక అందరికి పెట్టి లెక్క సరిచేయుట కూడ కొన్ని యిండ్లలో జరుగుచున్నది. ఆ లెక్క పుస్తకములో కనబడదు గాని, ఆమె ముఖములో కనబడును. పురుషులు చూడవలెను.

పండుగలు, చదివింపులు వేరొక చిక్కు. బంధువుల పెండ్లిలో వెయ్యి రూపాయలు చదివించితిరి గనుక వారికి మనము తిరిగి వెయ్యి చదివించవలెనని అప్పు తెచ్చు యిండ్లను మేమెరుగుదుము. క్రిస్మసుకు ఇంటిల్లిపాదికి క్రొత్తబట్టలు లేనిదే గుడికి రాలేమని సిగ్గుపడువారు కలరు. పశువుల తొట్టిలో పరుండినవాని పండుగకు ఈ సిగ్గు ఎక్కడనుండి వచ్చినదో! ఉతికిన బట్టలతో వచ్చినవారిని మొదటి వరుసలో కూర్చుండబెట్టవలసినది పెద్దలు. అప్పున్నవారు కానుక వేయవలెనా అని కొందరు మమ్మును అడిగిరి. వంట బియ్యములోనుండి గుప్పెడు తీసి ప్రభువునకు ప్రత్యేకించు ఆచారము మన సంఘములలో పూర్వమునుండి కలదు. అది ఏ యింటిని అప్పులపాలు చేయలేదు, దానిని మానవద్దు. కాని వడ్డీకి తెచ్చి మ్రొక్కుబడి చెల్లించుట, కూలివారి కూలి నిలిపి కానుక వేయుట వేరు సంగతి. తలిదండ్రులకు చేయవలసినది మాని కొర్బాను అని చెప్పినవారిని ప్రభువు గద్దించెను గదా.

అప్పులు అనేకములైనప్పుడు ఏది ముందు? పేదవాని కూలి బాకీ అన్నిటికంటె ముందు. అది వడ్డీ అడుగదు గాని ఆకలి అడుగును. తరువాత వడ్డీ ఎక్కువగానున్నది. అయిదు రూపాయల వడ్డీ అప్పును ప్రక్కన పెట్టి, తక్కువ వడ్డీ అప్పును తీర్చి సంతోషించుట లెక్క తెలియని పని. మహిళా సంఘములో బ్యాంకు ద్వారా వచ్చు అప్పుకు వడ్డీ సాధారణముగా నూటికి నెలకు రూపాయికి మించదు గనుక, దానితో మూడు, అయిదు రూపాయల నోటును తీర్చివేయుట మంచిదే, ఆ దినముననే నోటు తిరిగి తీసికొనిన పక్షమున. నోటు అట్లేయుండి సంఘపు డబ్బు వేరే ఖర్చయిపోయినయెడల, ఒక అప్పు రెండగును.

పాత వాయిదా కట్టుటకు క్రొత్త అప్పు తెచ్చుట ఎక్కడికి పోవునో మన రాష్ట్రము ఒకసారి చూచినది. సూక్ష్మరుణ సంస్థలు ఇంటింటికి వచ్చి అప్పులిచ్చిన దినములలో, ఒక సంస్థ వారపు వాయిదాకు మరియొక సంస్థయొద్ద తెచ్చి, కట్టలేక ప్రాణములు తీసికొన్నవారు కలరు. అందుచేత 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వాటిని అదుపు చేయుటకు ఆర్డినెన్సు తెచ్చెను. నేడు అదే ఉచ్చు సెల్లుఫోనులో యాప్ రూపమున వచ్చుచున్నది. అయిదు నిమిషములలో అప్పు, ఆ తరువాత మన ఫోనులోని బంధువులందరికి అవమానపు మాటలు. మీ యౌవనస్థులను అడిగి తెలిసికొనండి. వారు తమంతట తాము చెప్పరు.

ఇప్పటివరకు అప్పున్నవారితో మాటలాడితిమి. అప్పిచ్చువారు కూడ ఈ పత్రిక చదువుదురు. నెహెమ్యా దినములలో కరువుచేతను, రాజు పన్నుచేతను ప్రజలు పొలములను ఇండ్లను కుదువబెట్టి, బిడ్డలను దాస్యమునకు అప్పగించిరి. అప్పిచ్చినవారు అన్యులు కారు, సొంత సహోదరులే. నెహెమ్యా సమాజము కూర్చి, తానును తన వారును అప్పిచ్చినవారమేనని దాచక ఒప్పుకొని, పొలములు తిరిగి ఇమ్మనెను. వారు తీసికొనుచుండిన నూరవ భాగమును కూడ విడిచిపెట్టుమనెను. ఆ నూరవ భాగము నెలవారీ వడ్డీయని అనేక వ్యాఖ్యానకర్తలు తలంతురు. అనగా మన పల్లె లెక్కలో నూటికి రూపాయి! ఆ రూపాయికే నెహెమ్యాకు మిక్కిలి కోపము వచ్చెను. ఒకే బల్లలో పాలుపొందు సహోదరునియొద్ద మూడును అయిదును తీసికొనువారు ఈ అధ్యాయమును ఇంటిలో ఒకసారి బిగ్గరగా చదువుదురు గాక.

మా అప్పు సంగతి ముగించెదము. 2,500 చొప్పున కట్టుట మొదలుపెట్టిన తరువాత 23వ నెలలో ఆ మూడు వందల చిల్లరయు తీసికొనిపోయి చెల్లించితిమి. నోటు ఇమ్మని అడుగగా, ఎక్కడనో పెట్టితిననియు, దొరికినప్పుడు పంపెదననియు అప్పిచ్చినాయన చెప్పెను. అతడు చెడ్డవాడు కాడు; మరువగల మనిషి. పని ఏమియు లేదు, తొందరలేదని చెప్పి, పెట్టె వెదకి నోటు తెచ్చువరకు మేమిద్దరమును అతని అరుగుమీదనే కూర్చుంటిమి.