ఏలు పడ్తలేదు

ఈసారి అథెంటికేషన్ గురించి చెప్పుకుందాం. "నువ్వు నువ్వేనా?" అని మిషన్ అడిగే ప్రశ్న అది. జవాబులు మూడు రకాలు: పాస్‌వర్డ్‌లా నీకు తెలిసినది, ఫోన్‌లా నీ దగ్గరున్నది, వేలిముద్రలా నీ ఒంటి మీదున్నది. మా కందకుర్తిలో గోదావరి, మంజీరా, హరిద్ర కలిసినట్టు ఇవి కలిస్తేనే భద్రత గట్టిపడుతుంది.

చిక్కంతా మూడోదానితోనే. పాస్‌వర్డ్ సరిపోయిందో లేదో కచ్చితంగా తేలుతుంది. వేలిముద్ర మాత్రం ఏ రెండుసార్లూ అచ్చం ఒకేలా పడదు. అందుకని సిస్టమ్ పోలికకు మార్కులేస్తుంది, కటాఫ్ దాటితే పాస్. కటాఫ్ తగ్గిస్తే దొంగ లోపలికొస్తాడు. దీన్ని ఫాల్స్ యాక్సెప్ట్ అంటారు. పెంచితే అసలు మనిషే బయట నిలబడతాడు. ఇది ఫాల్స్ రిజెక్ట్.

మా నాయనమ్మది రెండో కేసు. ఏండ్ల తరబడి బోధన్ దిక్కు చెరుకు కొట్టి, నాట్లేసి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయినయి. కంట్రోల్ దుకాణంల "ఏలు పడ్తలేదు అవ్వా, రేపు రా" అంటే ఇంకో పూట కూలి పోయినట్టే. నూటికి ఇద్దరికే ఇట్లయిందనుకోండి, 98 శాతం సక్సెస్ అని రాసుకుంటాం. వెయ్యి మందిలో ఆ లెక్క ఇరవై మంది. వాళ్లలో ఎక్కువమంది రెక్కల కష్టం చేసినోళ్లే ఉంటారు.

ఇంకో భయం కూడా ఉంది. పాస్‌వర్డ్ లీకైతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా! దీనిమీద హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో మంచి పని జరిగింది. మనీష్ ఉపమన్యు, అనూప్ నంబూద్రి, శ్రీనాథన్, జవహర్ 2010లో "బ్లైండ్ అథెంటికేషన్" అనే పద్ధతి ప్రచురించారు. అందులో ముద్ర వివరాలు ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తాయి. సర్వర్ వాటిని చూడకుండానే మనిషిని పోల్చుకుంటుంది. పేపర్లో మొదటి పేరు అక్కడి విద్యార్థిదే.

అంటే ఈ పరిశోధన మనకు దూరంగా ఏం లేదు. రిజర్వ్ బ్యాంక్ 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ కూడా హైదరాబాద్‌లోనే ఉంది, అక్కడ బ్యాంకింగ్ భద్రత మీద పీహెచ్‌డీ చేయొచ్చు. పునాదికి ప్రాబబిలిటీ, నంబర్ థియరీ, క్రిప్టోగ్రఫీ గట్టిగా చదవాలి. పరీక్ష ముందురోజు చదివి మర్చిపోయే రకంగా కాదు సుమా!

మీ మినీ ప్రాజెక్టులో బయోమెట్రిక్ పెడితే ఒక్క పని చేయండి. హాస్టల్ మిత్రుల నున్నటి వేళ్లతోనే టెస్టింగ్ ముగించకండి. మెస్సులో అంట్లు తోమే అక్కను, తోటమాలి తాతను అడిగి, వాళ్లు ఒప్పుకుంటే వాళ్లతోనూ చూడండి. రిపోర్టులో ఎంతమంది పాసయ్యారో రాశాక, ఎవరు ఆగిపోయారో, ఎందుకో ఇంకో పేరా రాయండి. అసలు పరిశోధన ఆ పేరాలోనే మొదలైతది.