మీ బాపు గురించి అడిగినవు కదా

కోరుట్ల

బిడ్డా,

సిరిసిల్ల నుంచి నువ్వు ఫోన్ చేసిన రాత్రి నుంచి నా మనసు మనసులో లేదు. ఉజ్జీవ కూటంలో ప్రసంగీకుడు "ప్రాణం తీసుకున్నోళ్లు నేరుగా నరకానికే" అన్నాడని, అప్పటి నుంచి కళ్లు మూస్తే మీ బాపు మంటల్లో కనబడుతున్నాడని ఏడ్చినవు. ఇన్నేళ్లు సంఘపెద్దగా ఉండి, ఈ సంగతి నీతో ముందే మాట్లాడకపోవడం నా తప్పు.

నరకమంటే నీకు ఏం కనబడుతుందో నాకు తెలుసు. కాగే నూనె, యమభటులు, చిత్రగుప్తుని చిట్టా. జగిత్యాల దిక్కు పుట్టినోళ్లకు అది కొత్త కాదు. ధర్మపురిలో యమధర్మరాజుకే గుడి ఉంది. ధర్మపురికి పోయినోళ్లకు యమపురి ఉండదని ముసలోళ్లు అనేవాళ్లు. బైబిలును తెలుగు చేసినవాళ్లు 'నరకం' అన్న ఆ పాత మాటనే తీసుకున్నారు. మాట వెంబడి బొమ్మలూ వచ్చినయి. సువార్తల్లో యేసు నోట వచ్చే మాట గెహెన్నా. అది యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ. అక్కడ ఒకప్పుడు పసిపిల్లల్ని అగ్నికి అర్పించారు. యిర్మీయా ప్రవక్త నిప్పులు చెరిగింది ఆ ఘోరం మీదనే.

నరకం లేదని నేను అనను. యేసు గట్టిగానే హెచ్చరించాడు. కానీ ఎవరిని? మత్తయి 25వ అధ్యాయం తీసి చదువు. ఆకలిగొన్నవాణ్ని, రోగిని, పరదేశిని చూసీ పట్టించుకోనివాళ్లను. సాంచాలు ఆగి, నూలు బాకీ మీద మిత్తి పెరిగి, మీ బాపు ఇంటింటికీ తిరిగిన రోజుల్లో నా గడపకూ వచ్చాడు. "నెలాఖరుకు చూద్దాం తమ్మీ" అన్నాను. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా అందులో నేను కనబడతాను, వాడు కాదు.

సౌలు, అహీతోపెలు, ఇస్కరియోతు యూదా ప్రాణాలు తీసుకున్నారని బైబిల్లో ఉంది. ఆ పని చేసినవాళ్లందరికీ నరకమే అన్న తీర్పు మాత్రం ఎక్కడా లేదు. స్తంభాలు తన మీదే కూల్చుకున్న సమ్సోను హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో విశ్వాసవీరుల వరుసలో ఉన్నాడు. ప్రాణం తీసుకోవడం హత్యతో సమానమని అయిదో శతాబ్దంలో అగస్టీను వాదించాడు, సంఘం కూడా రానురాను కఠినమైంది. అట్లాంటి కథోలిక సంఘమే 1992 నాటి సత్యోపదేశ గ్రంథంలో, అట్ల పోయినవాళ్ల రక్షణ మీద ఆశ వదులుకోవద్దని రాసుకుంది. మన దిక్కు సువార్త తెచ్చిన వెస్లియన్ మిషనరీలు నేర్పింది ఒక్కటే, రక్షణ కృపవల్లనే అని. కృపవల్ల దొరికింది చివరి ఘడియ లెక్కతో ఎట్ల పోతుంది? నొప్పికి కళ్లు కమ్మిన ఆ ఒక్క ఘడియ కంటే, ముప్పై ఏళ్లు మీకోసం రెక్కలు ముక్కలు చేసుకున్న మనిషిని దేవుడు ఎరుగడా?

అట్లని ప్రాణం చులకన కాదు, బిడ్డా. వాడు పోయినంక మీ అమ్మ పడ్డ కష్టం నువ్వు చూసినవు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన నీకెప్పుడన్నా వస్తే దాచకు, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. నేను ఎత్తకపోతే 14416కు చెయ్యి. అది సర్కారు టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు.

అప్పుడు నలుగురికీ జడిసి మీ బాపుకు జ్ఞాపకార్థ కూడిక పెట్టలేదు మనం. ఈ ఆదివారం ఆరాధన అయినంక పెడుతున్నాను. అమ్మను తీసుకొని రా.

మీ పెద్దబాపు