సిగరెట్‌లో రుచులు ఎందుకు కలుపుతారు?

అలిపిరి దగ్గర కొండకు పోయే వాహనాలను తనిఖీ చేస్తారు. సిగరెట్లు, బీడీలు, గుట్కా దొరికితే పైకి పోనివ్వరు. తిరుమలలో పొగాకు నిషేధం. కొండ కింద బంకుల్లో మాత్రం మెంథాల్ సిగరెట్లు కూడా దొరుకుతాయి. “ఇది లైటు, ఏం కాదు” అని స్నేహితులే చేతికిస్తారు. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

వ్యసనానికి మూలం నికోటిన్. ఇది పొగాకు మొక్కలో సహజంగానే ఉంటుంది. పొగతో ఊపిరితిత్తుల్లోకి పోయి, కొన్ని సెకన్లలోనే మెదడును చేరుతుంది. అక్కడ డోపమైన్ విడుదలై హాయి అనిపిస్తుంది. అది తగ్గగానే చిరాకు మొదలై, మళ్లీ కావాలనిపిస్తుంది. దీనికి తోడు కంపెనీలు కొన్ని పదార్థాలు కలుపుతాయి.

1. మెంథాల్: గొంతుకు చల్లగా ఉండి మంటను తెలియనివ్వదు. మొదటిసారి వచ్చే దగ్గు మన శరీరం చేసే హెచ్చరిక. ఆ హెచ్చరికను మెంథాల్ అణచివేస్తుంది.

2. చక్కెర: ఇది కాలినప్పుడు అసిటాల్డిహైడ్ పుడుతుంది. జంతువులపై చేసిన ప్రయోగాల్లో ఇది నికోటిన్ వ్యసనాన్ని పెంచింది. మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు.

3. అమ్మోనియా: ఇది క్షారం. లవణ రూపంలోని నికోటిన్‌ను విడదీస్తుంది. ఖైనీలో సున్నం చేసే పని కూడా ఇదే. అలా విడివడిన నికోటిన్ నోటి లోపలి పొర గుండా త్వరగా రక్తంలో కలుస్తుంది. సిగరెట్ పొగలో అమ్మోనియా ప్రభావం ఎంత అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి.

2010లో ఐరోపా శాస్త్రవేత్తల సంఘం ఈ విషయాన్ని పరిశీలించింది. తనంతట తానే వ్యసనం కలిగించే పదార్థం వీటిలో ఏదీ కనబడలేదని తేల్చింది. అయితే రుచులు, వాసనలు కొత్తవాళ్లను ఆకర్షిస్తాయి. అలవాటైన తరువాత పట్టి ఉంచేది నికోటిన్. ఐరోపా యూనియన్‌లో 2020 మే నుంచి మెంథాల్ సిగరెట్ల అమ్మకం నిషేధం.

అలాగని ఏమీ కలపని పొగాకు మంచిదనుకోకూడదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాళ్లలో నేనే మొదలు. మా నాన్న తాగేది మామూలు బీడీ, అందులో ఏ పరిమళమూ లేదు. అయినా మానలేకపోతున్నాడు. కూలి డబ్బుల్లో రోజూ బీడీ కట్ట వాటా పోవలసిందే.

తమ్ముళ్లూ! 2003 చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి, విద్యాసంస్థలకు 100 గజాలలోపు పొగాకు అమ్మడం నేరం. ఇప్పటికే అలవాటైనవారు సిగ్గుపడవద్దు. 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే మానడానికి సాయం చేస్తారు. అలవాటు లేనివారికి పని ఇంకా సులువు. మొదటి సిగరెట్ ఇచ్చిన రోజే “నాకొద్దన్నా” అంటే చాలు.