బోర్డుల దుకాణమునకు మొదట ఏ యంత్రము కొనవలెను?

గ్రామములోని చదువుకొన్న యువకులు గాని, పొదుపు సంఘములోని మహిళలు గాని బ్యాంకు ఋణముతో బోర్డుల దుకాణము పెట్టదలచి, పంచాయతీ సభ్యుల సలహా కోరి వచ్చుట నేడు అరుదు కాదు. వచ్చినవారు సాధారణముగా ఫ్లెక్సీ యంత్రము పేరే చెప్పుదురు. సభ్యులు ఇచ్చట సలహాదారులు మాత్రమే కారు. వీధి పేర్లు, పాఠశాల పేరు, చెరువు గట్టుపై హెచ్చరిక వ్రాయించునది పంచాయతీయే గనుక కొనుగోలుదారులు కూడ వారే. కావున యంత్రముల స్వభావమును కొంత తెలిసికొనుట వారికి అవసరము. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో చిన్న మూలధనముతో మొదలుపెట్టువారు మొట్టమొదట కొనవలసినది పది అడుగుల అచ్చు యంత్రము కాదనియు, స్టిక్కరు కత్తిరించు చిన్న యంత్రమనియు మా అభిప్రాయము.

ఫ్లెక్సీ యనగా పాలియెస్టరు దారముల వలకు పి.వి.సి. పూత పూసిన గుడ్డ. దానిపై అచ్చువేయు యంత్రము సుమారు 3.2 మీటర్ల వెడల్పు గలది. దాని హెడ్లలోని అతి సూక్ష్మమైన రంధ్రముల నుండి సాల్వెంటు సిరా చిమ్మబడును. యంత్రము పనిలేక నాలుగు దినములు నిలిచినచో ఆ సిరా రంధ్రములలో ఎండిపోవును. యంత్రమంతటిలో మిక్కిలి ఖరీదైన భాగములలో హెడ్డు ఒకటి. ప్రతిదినము పని చూపలేనివారు ఈ యంత్రమును కొనుట, మేత లేనివాడు పాడిగేదెను కొనుట వంటిది. ఇక ఎకో సాల్వెంటు యంత్రము అయిదారడుగుల వెడల్పుతో, దగ్గరనుండి చూచు బొమ్మలను సన్నగా అచ్చువేయును. దీనికిని హెడ్డు బెడద తప్పదు.

కత్తిరించు యంత్రము అచ్చు వేయదు. కంప్యూటరులో గీచిన అక్షరము ఆకారము ననుసరించి దాని సన్నని బ్లేడు రంగు వినైలు పొరను మాత్రము కోయును. అడుగు కాగితము తెగదు. అనవసరమైన ముక్కలను ఏరివేసి, మిగిలిన అక్షరములపై అంటుకాగితము పరచి ఎత్తి, రేకుపై అతికింతురు. రాత్రి దీపకాంతికి మెరయు పొరను మనవారు రేడియమందురు. అందులో రేడియము లేశమైనను లేదు, వెలుతురు వచ్చిన దిక్కునకే దానిని త్రిప్పి పంపు సూక్ష్మమైన గాజుపూసలో, పట్టకములో ఉండును. ఈ యంత్రము ఒక మాసము మూలనున్నను చెడిపోదు. అరిగెడు బ్లేడు స్వల్పవ్యయముతో మార్చుకొనవచ్చును.

ఇక లెక్క చూతము. అంకెలు ఉదాహరణకే, సభ్యులు తమ యెదుటనున్న ధరలను వేసికొనవలెను. ఒక సంఘము నూటికి 11 వడ్డీతో, అయిదేండ్ల గడువుతో రూ. 8,00,000 ఋణము తీసికొని పెద్ద యంత్రము కొన్నదనుకొందము. మొదటి సంవత్సరము వడ్డీ సుమారు రూ. 88,000, అసలులో చెల్లించవలసినది రూ. 1,60,000. సంవత్సరమునకు 300 పనిదినములైనచో దినమునకు సుమారు రూ. 826. గుడ్డ, సిరా, కరెంటు పోగా చదరపు అడుగునకు మూడు రూపాయలు మిగిలినను, బ్యాంకువారి కొరకే ప్రతిదినము 275 చదరపు అడుగులు అచ్చు వేయవలెను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బ్యానర్లు పదకొండు పండ్రెండు అన్నమాట. ఇంటి అద్దె, కూలి, హెడ్డు మరమ్మతు ఇందులో చేరలేదు. అదే లెక్కను రూ. 50,000 కత్తిరించు యంత్రమునకు వేసినచో దినమునకు రూ. 52 మాత్రమే.

పెండ్లిండ్ల ముహూర్తములలోను, ఎన్నికలలోను 275 అడుగులేమి, వేయి అడుగులైనను రావచ్చును. మూఢములో ఎవరు వేయింతురు? ఎన్నికల పనికి వేరొక నియమము గలదు: పార్లమెంటు, శాసనసభ ఎన్నికల పోస్టర్లపై అచ్చువేసినవారి పేరు, చిరునామా ఉండవలెనని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 127-ఏ విభాగము విధించుచున్నది.

ఫ్లెక్సీ అడుగువారిని త్రిప్పి పంపనక్కరలేదు. ఊరిలో బొమ్మ సిద్ధముచేసి, ఫైలును తెనాలికి పంపి, అచ్చు వేయించి తెచ్చి ఇచ్చుటలో కొంత లాభము మిగులును. 1916 లో వచ్చిన రేపల్లె రైలుమార్గము ఆ వైపు గ్రామములకు నేటికిని ఉపకరించుచునే యున్నది. బాపట్ల ప్రధాన మార్గముపైననే యున్నది.

మరి కత్తిరించిన అక్షరములకు పని ఏది? పాత గుంటూరు జిల్లాలోని బాపట్ల, రేపల్లె ప్రాంతములు 2022 ఏప్రిల్ 4 న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే యున్నది. క్రొత్త జిల్లాలోని ఊళ్ళలో బోర్డులపై జిల్లా పేరు మార్చవలసి వచ్చినది. రేకుపై అతికించిన అక్షరములైనచో "గుంటూరు" అను ఒక్క మాటను వేడిగాలితో ఊడదీసి, "బాపట్ల" అను మాటను అతికించిన సరిపోవును. ఫ్లెక్సీ యైనచో మొత్తము మార్చవలసినదే.

ఇంతకంటె ముఖ్యమైనది తుఫాను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను మన తీరగ్రామములలోని వృద్ధులు మరువలేదు. 2023 డిసెంబరు 5 న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. అట్టి గాలిలో కర్రల చట్రమునకు కట్టిన ఫ్లెక్సీ మొదట చినుగును. కరెంటు పోయిన చీకటిలో, వానలో, పిల్లలతో నడచు కుటుంబమునకు తుఫాను రక్షిత భవనము ఏ దిక్కున నున్నదో చూపవలసిన బోర్డు అదే సమయమున లేకపోయినచో దానిని వేయించిన ఫలమేమి? గట్టి స్తంభమునకు బిగించిన అల్యూమినియము రేకు, దానిపై టార్చిలైటు పడగానే మెరయు అక్షరములు, బాణపు గుర్తు కావలెను. సూర్యలంక తీరమున స్నానములకు దిగువారికి లోతు తెలుపు హెచ్చరికలును అట్లే ఉండవలెను. ఉప్పుగాలికి ఇనుప మేకులు త్రుప్పుపట్టును గనుక బోల్టులు స్టెయిన్‌లెస్ ఉక్కువి వాడుట మేలు. రహదారి గుర్తులకైతే భారత రహదారుల కాంగ్రెసు 67వ నియమావళి ఉన్నది. అందు చెప్పిన కొలతలు, మెరుపు పొర తరగతి పాటింపవలెను.

తెలుగు అక్షరము విషయమున ఒక చిక్కు కలదు. ఇంగ్లీషు అక్షరము తరచుగా ఒకే గీత. మన "క్షే" లో హల్లు, ఒత్తు, ఏత్వము వేర్వేరు ముక్కలై ఒకదానిపై నొకటి ఎక్కియుండవచ్చును. అచ్చులో అది కనబడదు. కత్తి మాత్రము రెండు గీతలను విడివిడిగా కోసి అక్షరమును ముక్కలు చేయును. కోయుటకు ముందు వానిని "వెల్డ్" అను ఆజ్ఞతో ఏకముచేయవలెను. తెనాలికి పంపు ఫైలులోను అక్షరములను గీతలుగా మార్చి పంపనిచో, అక్కడ ఆ ఫాంటు లేనప్పుడు మాటలు తారుమారగును. తెనాలి రామకృష్ణుని పేరిట, రేపల్లెకు ఏటి ఆవలి దివిసీమకు చెందిన మండలి వెంకట కృష్ణారావుగారి పేరిట ఉచితముగా లభించు యూనికోడు ఫాంట్లున్నవి. కుంచె పట్టిన పాత పెయింటరు ఊరిలో నుండినచో ఆయనను దుకాణములో చేర్చుకొనుట ఉత్తమము. ఒత్తునకు ఎంత జాగా విడువవలెనో యంత్రమునకు తెలియదు, ఆయనకు తెలియును.

యంత్రము కొనువారు అమ్మకందారు సిద్ధముగా నుంచిన నమూనా చూచి తృప్తిపడరాదు. "గ్రామ పంచాయతీ కార్యాలయము" అను మాటలను ఒక అంగుళము ఎత్తున తమ యెదుటనే కోయించి, క్రావడి విరిగినదా, సున్న గుండ్రముగా వచ్చినదా చూడవలెను. తరువాత పది అడుగుల పొడవున రెండు సమాంతర గీతలు కోయించవలెను. పొర ప్రక్కకు జరిగినచో గీత వంకరపోయి తెలియును. సాధారణ వినైలునకు 45 డిగ్రీల బ్లేడు, మందమైన మెరుపు పొరకు 60 డిగ్రీల బ్లేడు కావలెను. రెండును దొరకునా యని అడుగవలెను. సర్వో మోటారు గల యంత్రము స్టెప్పరు మోటారు దానికంటె ఖరీదైనను, చిన్న అక్షరములలో తేడా కనబడును. అచ్చువేసిన బొమ్మ అంచు వెంబడి కోయుటకు గుర్తులను చదువు "కన్ను" ఉన్న యంత్రమైనచో తెనాలిలో అచ్చు వేయించిన స్టిక్కర్లను ఊరిలోనే కోయవచ్చును. రిపేరు చేయువాడు ఎచ్చటనుండి వచ్చును, ఎన్ని దినములలో వచ్చును అనునది ధరకంటె ముందు అడుగవలసిన ప్రశ్న.

రెండు మూడేండ్లకు పని పెరిగి, బయట అచ్చునకు చెల్లించు సొమ్ము వాయిదాను మించినప్పుడు పెద్ద యంత్రమును గూర్చి ఆలోచింపవచ్చును. అప్పటికిని సాల్వెంటు సిరా ఆవిరి పీల్చుట ఆరోగ్యమునకు చెరుపని మరువక, గాలిని బయటకు తోడు ఫ్యాను గల గది, సరియైన ఎర్తు, స్టెబిలైజరు చూచుకొనవలెను. చట్టమును కూడ గమనింపవలెను. 100 మైక్రాన్లకు తక్కువ మందము గల ప్లాస్టిక్, పి.వి.సి. బ్యానర్లు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషిద్ధములు. మన రాష్ట్రమున ఫ్లెక్సీలను నిషేధింతుమని 2022 ఆగస్టు 26 న ప్రకటించి, అమలును మొదట నవంబరు 1 కి, పిదప 2023 జనవరి 26 కి నిర్ణయించిరి. ఒక్క ఉత్తరువుతో ఆగగల సరకుపై అయిదేండ్ల అప్పు చేయుట ఆలోచింపదగిన విషయము. వాడిన ఫ్లెక్సీని వాముపై కప్పుకొనవచ్చును గాని, కాల్చరాదు, పి.వి.సి. పొగ విషము.

ఋణమునకు ముద్రా పథకములో "శిశు" తరగతి రూ. 50,000 వరకు ఉద్దేశింపబడినది. సబ్సిడీ ఎక్కువ వచ్చునని పెద్ద అంచనా వ్రాయించువారు కలరు. సబ్సిడీ పోగా మిగిలిన అప్పు తమదేనని వారికి సభ్యులు చెప్పవలెను. దుకాణమును ఉద్యమ్ నమోదు చేయించుట మంచిది. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము అట్టి దుకాణమునకు ఒప్పుకొన్న గడువులో, ఎట్టి స్థితిలోను 45 దినములు మించకుండ బిల్లు చెల్లించవలెను. పంచాయతీ తాను వేయించిన బోర్డుల బిల్లును ఆ గడువు లోపల తీర్మానములో పెట్టి చెల్లించినచో ఆ సంఘము వాయిదా తప్పదు.