ఇంటింటికి వచ్చిన చిత్రములు

కేరళదేశమునందలి కిళిమానూరులో 1848వ సంవత్సరమున జన్మించిన రాజా రవివర్మ తైలవర్ణ చిత్రలేఖనమున గొప్ప ఖ్యాతి నార్జించెను. బరోడా మహారాజు అతనిచే 14 పురాణ చిత్రములను వ్రాయించుకొనెను. అయిన నేమి? అట్టి పటములు రాజమందిరముల గోడలపై వ్రేలాడుచుండెను. వానిని కన్నులార చూచు భాగ్యము సామాన్యునకు అరుదు.

తిరువాన్కూరు, బరోడా సంస్థానములలో దివానుగా పనిచేసిన సర్ టి. మాధవరావు 1884లో రవివర్మకు ఒక లేఖ వ్రాసెను. చిత్రములను కోరువారు అనేకులనియు, ఒక్కని చేతులు అందరి కోర్కెను తీర్పజాలవనియు, కొన్నింటిని ఐరోపాకు పంపి అచ్చొత్తించుట మేలనియు అందు సూచించెను. రవివర్మ ఇంకొక యడుగు ముందునకు వేసి, 1894లో బొంబాయియందు తానే ముద్రణాలయమును స్థాపించెను. యంత్రములును, నిపుణులును జర్మనీ నుండి వచ్చిరి. అందు మొదట వెలువడినది శకుంతలా జనన చిత్రము.

ఆ ముద్రణ విధానము విచిత్రమైనది. నూనెకును నీటికిని పొసగదనుటయే దానికి ఆధారము. నునుపుచేసిన సున్నపురాతి పలకపై జిడ్డుసిరాతో బొమ్మ వ్రాసి, రాతిని నీటితో తడుపుదురు. పిదప రంగు పూసినచో అది జిడ్డున్న చోటనే అంటును. తడిసిన చోట అంటదు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి. ఒకే కాగితమును ఆ రాళ్ళన్నిటిపై వరుసగా ఒత్తవలెను. వెంట్రుకవాసి తప్పినను దేవి పెదవి యెరుపు చెక్కిలిపై పడును!

ఈ విధముగా లక్ష్మీ సరస్వతుల పటములు తెలుగునాటి పల్లెయిండ్లకు సైతము చేరెను. దేవాలయ ప్రవేశము నిషేధింపబడినవారు కూడ దేవతామూర్తిని తమ గోడపైననే దర్శించుకొనిరి. మూలమునందలి మార్దవము అచ్చులో జారిపోయెనని కళావిమర్శకులు ఆక్షేపించిరి. అది నిజమే; కాని మూలమును ఎన్నడును చూడజాలని వానికి ఆ లోపము ఏపాటి? ముద్రణాలయము మాత్రము యజమానికి అప్పులనే మిగిల్చెను. కొన్నియేండ్లకే దానిని అందు పనిచేయుచుండిన జర్మను నిపుణునకు విక్రయింపవలసి వచ్చెను.

నేడు ఆ చిత్రములను గుడ్డపై ఆక్రిలిక్ రంగులతో చేతితో వ్రాయించి యిండ్ల నలంకరించుకొనువారు కలరు. ఈ రంగులు నీటితో కలియును, త్వరలో ఆరును, ఆరిన పిమ్మట నీటికి కరగవు. తైలవర్ణము దినముల తరబడి తడిగా నుండును గనుక రవివర్మ వెలుగును నీడలోనికి మెల్లగా కలుపగలిగెను. ఆక్రిలిక్ వాడువానికి అంత వ్యవధి లేదు. అతడు పలుచని పూతపై పూత వేయుచు ఆ నునుపును సాధింపవలెను. ఆరినపుడు రంగు కొంచెము ముదురునని ముందే యెరిగి కలుపుకొనవలెను.

రవివర్మ 1906లో మరణించెను. మన దేశపు చట్టము ననుసరించి చిత్రకారుని హక్కు అతని మరణానంతరము 60 సంవత్సరములే నిలుచును. కావున ఎవరైనను ఆ చిత్రములను చూచి వ్రాసికొనవచ్చును. సంతకమును సైతము అనుకరించి, మూలమని చెప్పి అమ్ముట మాత్రము శుద్ధ మోసము. నిజాయితీగల చిత్రకారుడు పటము వెనుక మూలకర్త పేరును, తన పేరును స్పష్టముగా వ్రాయును. కొలతను మూలముకంటె చిన్నదిగనో పెద్దదిగనో మార్చును.