ఒకే పాట, రెండు వయసులు
(జానీ కాష్ పాడిన 'హర్ట్': ఒక పరిశీలన)

పాటకు అర్థం ఎక్కడి నుంచి వస్తుంది? రాసిన మాటల నుంచా, కట్టిన బాణీ నుంచా, పాడిన గొంతు నుంచా? మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో వ్యంగ్యార్థం స్ఫురించడానికి తోడ్పడే విశేషాలను లెక్కిస్తూ మొట్టమొదట వక్తను చెప్పాడు. ఆ జాబితాలోనే కాకువు, అంటే కంఠధ్వనిలోని మార్పు, ఆ తరువాత దేశం, కాలం కూడా ఉన్నాయి. ఈ సూత్రం శ్లోకాలకే గాని రాక్ పాటలకు పనికిరాదని ఎవరైనా అంటే, వారికి జానీ కాష్ 'హర్ట్' వినిపించాలి. ఆపైన దాని వీడియో చూపించాలి.

వక్త

ఈ పాట కాష్ రాసింది కాదు. నైన్ ఇంచ్ నెయిల్స్ బృందానికి సర్వస్వమైన ట్రెంట్ రెజ్నర్ దీన్ని రాసి, 1994లో వచ్చిన 'ద డౌన్‌వర్డ్ స్పైరల్' ఆల్బం చివర పెట్టాడు. అప్పటికతనికి 28 ఏళ్ళు. తన్ను తాను గాయపరచుకునే మనిషి నిస్పృహ ఇందులో వస్తువు.

2002 నవంబరులో విడుదలైన తన ఆల్బంలో కాష్ దీన్ని పాడాడు. నిర్మాత రిక్ రూబిన్. కాష్‌కు అప్పుడు 70 ఏళ్ళు. 1955లో మెంఫిస్‌లో మొదటి రికార్డు ఇచ్చినవాడు. 1968లో ఫోల్సమ్, 1969లో శాన్ క్వెంటిన్ జైళ్ళలో ఖైదీల ముందు పాడి రికార్డు చేసినవాడు. మాదకద్రవ్యాలతో ఏళ్ళ తరబడి పెనుగులాడినవాడు. సాహిత్యంలో ఆయన చేసిన చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే. కిరీటానికి విశేషణంగా ఉన్న బూతుమాట తీసేసి, దాన్ని ముళ్ళకిరీటం చేశాడు. మిగిలిన మాటలు దాదాపు అవే. కాని యువకుడి నోట రాబోయే పతనంలా వినిపించినవి, వృద్ధుడి నోట జీవితం లెక్క అప్పజెప్పినట్టు వినిపిస్తాయి.

కాకువు

రెజ్నర్ పాట గుసగుసగా మొదలై చివరికి పెద్ద రొదలోకి వెళ్తుంది. కాష్ పాటలో ప్రధానంగా వినిపించేవి గిటార్లు, పియానో. పియానో స్వరం ఒకటి సుత్తిదెబ్బలా మోగుతూ పెరుగుతుంది. గొంతు అక్కడక్కడ వణుకుతుంది, పగులుతుంది. ఆ పగుళ్ళను రూబిన్ పూడ్చలేదు. పూడ్చివుంటే పాటే పోయేది!

దేశకాలాలు

వీడియో దర్శకుడు మార్క్ రోమనెక్. టెనెసీ రాష్ట్రంలోని హెండర్సన్‌విల్‌లో కాష్ ఇంట్లోను, 'హౌస్ ఆఫ్ కాష్' అనే ఆయన మ్యూజియంలోను చిత్రీకరణ జరిగింది. ఒకప్పుడు అభిమానులు వచ్చి చూసిన ఆ మ్యూజియం అప్పటికి మూతబడి, పాడుపడివుంది. రోమనెక్ దాన్ని ముస్తాబు చెయ్యలేదు, ఉన్నదున్నట్టు తీశాడు. ముసలి కాష్ ముఖం పక్కన పాత ఫిల్ముల్లోని కుర్ర కాష్‌ను అతికించాడు. ముగింపు దగ్గరపడేకొద్దీ ఆ ముక్కలు త్వరత్వరగా వచ్చి మీదపడతాయి. మెట్లమీద నిలబడి భార్య జూన్ కార్టర్ ఆయన్ను చూస్తుంటుంది. చివర ఆయన పియానో మూత వేస్తాడు.

జబ్బుమనిషిని ఇలా చూపించి జాలి పుట్టించడం న్యాయమేనా అని కొందరికి అనిపించవచ్చు. అయితే ఒకటి గమనించాలి. విందు బల్ల ముందు కూర్చుని, ద్రాక్షసారాయిని తన చేత్తోనే బల్లమీద ఒలకబోసేది కాష్. ఆయన జాలి అడగడం లేదు, సాక్ష్యం చెబుతున్నాడు.

2003 మే 15న జూన్, సెప్టెంబరు 12న కాష్ కన్నుమూశారు. 2004లో ఈ వీడియోకు గ్రామీ బహుమతి వచ్చింది. 2007 ఏప్రిల్‌లో ఆ ఇల్లు కాలిపోయింది. ఇవేవీ పాటలో లేవు. అయినా ఇవాళ చూసేవారికి ఇవన్నీ అర్థంలో కలిసిపోతాయి. మమ్మటుడు 'కాలం' అన్నది ఇందుకే కాబోలు. వీడియో చూశాక, ఆ పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నరే చెప్పుకున్నాడు.

మన పాటల పోటీల్లో పెద్ద మెప్పు ఏమిటి? "అచ్చం ఘంటసాలలా పాడాడ్రా!" అనడం. కాష్ రెజ్నర్‌లా పాడాలనుకోలేదు. పరాయి పాటలోకి తన 70 ఏళ్ళను తీసుకొచ్చాడు. మన మిత్రులకు 20 ఏళ్ళే ఉండవచ్చు. ఆ ఇరవై అయినా పాటలో వినిపించాలి గదా!