అరువు మెలకువ

పాఠ్యభాగ ఉద్దేశం: మెథాంఫెటమిన్ అనే మాదకద్రవ్యం చరిత్రను, అది కలిగించే కీడును, దాని నుండి బయటపడే మార్గాన్ని విద్యార్థులకు తెలియజేయడం.

'మెలకువ' అనే మాటకు తెలుగులో రెండర్థాలున్నాయి. నిద్రపోకుండా ఉండటం మొదటిది. జాగరూకత, నేర్పు రెండవది. మొదటి మెలకువను ఎరగా చూపి రెండవ మెలకువను హరించే రసాయనం మెథాంఫెటమిన్.

1893లో జపాను శాస్త్రజ్ఞుడు నగాయి నగయోషి ఎఫెడ్రిన్ నుండి దీనిని తయారుచేశాడు. 1919లో అకిరా ఒగాతా దీనిని స్ఫటికరూపంలోకి తెచ్చాడు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీ, జపాను సేనలు అలసటను జయించడానికి దీనిని వాడాయి. జపానులో 1941లో ఇది 'హిరోపోన్' అనే పేరుతో అంగళ్లకు వచ్చింది. శ్రమను ప్రేమించడం అనే అర్థం గల గ్రీకు పదం నుండి ఆ పేరును కల్పించారు. యుద్ధానంతరం మిగిలిన నిల్వలు ప్రజలలోకి ప్రవేశించి, శ్రమించవలసిన యువకులనే వ్యసనపరులను చేశాయి. 1951లో జపాను ప్రభుత్వం దీనిని నిషేధిస్తూ చట్టం చేసింది. అయినప్పటికీ 1954లో ఆ చట్టం కింద 55 వేలకు పైగా అరెస్టులు జరిగాయి. యుద్ధం ముగిసినా, యుద్ధానికై తెచ్చిన మందు ప్రజలను విడువలేదు.

ఇంతటి పట్టు దీనికి ఎలా కలిగింది? మనకు ఇష్టమైన పని నెరవేరినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం కొద్దికొద్దిగా విడుదలై, తృప్తిని కలిగించి, తిరిగి నాడీకణాలలోకి చేరుతుంది. మెథాంఫెటమిన్ ఆ నిల్వను ఒక్కసారిగా వెలికి నెట్టి, తిరిగి చేరే దారిని అడ్డగిస్తుంది. అందుచేత కొన్ని గంటలపాటు ఆకలి, నిద్ర, అలసట తెలియవు. రేపటి బలాన్ని ఈనాడే ఖర్చుచేయడం తప్ప ఇందులో కొత్తగా చేకూరిన శక్తి ఏమీ లేదు.

అప్పు తీర్చవలసిన సమయం త్వరలోనే వస్తుంది. గుండె వేగం, రక్తపోటు, శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పెరుగుతాయి. గుండెపోటు, పక్షవాతం, మరణం సంభవించవచ్చు. దీర్ఘకాలం వాడినవారిలో శరీరం శుష్కిస్తుంది. నోరు ఎండి పళ్లు పాడవుతాయి. చర్మం కింద పురుగులు పాకుతున్నట్లు తోచి గోళ్లతో గాయపరచుకుంటారు. లేని ధ్వనులు వినిపిస్తాయి. కన్నవారిని సైతం శత్రువులుగా అనుమానిస్తారు. మందు మానగానే తీవ్రమైన నిస్పృహ ఆవరించి, మరల దానివైపే నెడుతుంది.

పరీక్షల ముందు రాత్రంతా చదవవచ్చునని, ఒక్కసారికి ఏమీ కాదని ఆశచూపేవారు ఉండవచ్చు. చదివినది స్మృతిలో కుదురుకోవడానికి నిద్ర అవసరం. నిద్రను అమ్ముకున్న విద్యార్థి తన చదువునే అమ్ముకున్నవాడవుతాడు.

అయినను నిరాశకు తావులేదు. 12 నుండి 17 నెలలు దీనికి దూరంగా ఉన్న కొద్దిమందిని పరీక్షించిన 2001 నాటి అధ్యయనంలో, డోపమైన్‌ను తిరిగి గ్రహించే వ్యవస్థ గణనీయంగా కోలుకున్నట్లు తేలింది. జ్ఞాపకశక్తి మాత్రం ఆ మేరకు కోలుకోలేదు. చికిత్సను ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. మనదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం దీనిని కలిగి ఉండటమూ నేరమే. అయితే స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరారోపణ ఎదుర్కొనే వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్స పొందగోరితే, 64ఏ సెక్షన్ అతనికి విచారణ నుండి రక్షణ కల్పిస్తుంది. 14446 అనే ఉచిత దూరవాణి సంఖ్యకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

తోటి విద్యార్థి ఈ ఊబిలో చిక్కుకున్నాడని తెలిసినప్పుడు అతనిని వెలివేయడం గాని, రహస్యాన్ని కాపాడటం గాని స్నేహం కాదు. పెద్దలకు తెలిపి వైద్యుని వద్దకు చేర్చడమే స్నేహధర్మం. ఆ సమయంలో చూపవలసినది రెండవ మెలకువ.

కఠిన పదాలకు అర్థాలు
అరువు = అప్పు
హరించు = అపహరించు
శుష్కించు = చిక్కిపోవు
నిస్పృహ = ఆశ నశించిన స్థితి

ప్రశ్నలు
1. 'అరువు మెలకువ' అనే శీర్షిక ఔచిత్యాన్ని వివరించండి.
2. జపాను అనుభవం నుండి నేర్వదగిన పాఠమేమి?
3. వ్యసనపరుడైన మిత్రుని పట్ల మీ కర్తవ్యాన్ని తెలపండి.